పంతొమ్మిది మార్కుల చెవి

డోలు తాతబ్బాయి తలకి టీ చెంచా అంటుకుంటుంది. కుడిచెవికి బెత్తెడు పైన, జుట్టు పలచబడ్డ చోట, చెంచా అలా ఆనిస్తే చాలు, బల్లి గోడని పట్టుకున్నట్టు పట్టుకుని ఉండిపోతుంది. కొత్తవాళ్ళెవరైనా టీకొట్టు దగ్గర నోరు తెరుచుకుని చూస్తే, "మంత్రవండీ. గురువుగారిచ్చారు. మీకూ కావాలంటే నలభై రోజులు కాకరకాయ మానెయ్యాలి" అంటాడు. ఇద్దరు ముగ్గురు నిజంగానే మానేశారు కూడా.

అసలు సంగతేంటంటే, ఏడేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణాన్ని వదిలేసి చెవులు రెండూ పట్టుకుపోయింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, లోపలిచెవిలోకి సన్నటి తీగ దూర్చి, చర్మం కింద ఓ అయస్కాంతం పెట్టి కుట్టేశారు. బయట చెవి వెనకాల తగిలించుకునే మిషను, దానికో వైరు, వైరు చివర రూపాయి బిళ్ళంత బిళ్ళ. ఆ బిళ్ళ తలకి అంటుకుని ఉంటే లోకం వినపడుతుంది. పీకేస్తే అంతా నిశ్శబ్దం. "దేవుడు చెవులిచ్చాడు గానీ స్విచ్చివ్వలేదు. గవర్నమెంటు స్విచ్చుతో సహా ఇచ్చింది" అంటాడు తాతబ్బాయి. పెళ్ళాం సత్తెమ్మ దెబ్బలాట మొదలెట్టగానే బిళ్ళ పీకి జేబులో వేసుకుంటాడు. ఆవిడేం తక్కువది కాదు. మళ్ళీ బిళ్ళ పెట్టుకున్నాడని చూసుకుని మొదట్నించీ మొదలెడుతుంది.

మాటలకి పర్వాలేదు. ఎటొచ్చీ పాటతోనే చిక్కు. తాతబ్బాయి సన్నాయి మేళంలో డోలు. దెబ్బ దెబ్బా బాగానే తెలుస్తుంది. సన్నాయి మాత్రం రేకుల షెడ్డు మీద గులకరాళ్ళు పోసినట్టుంటుంది. సన్నాయి ఊదేది సోమలింగం, తాతబ్బాయి అక్క మొగుడు. ఏ కీర్తన ఊదుతున్నాడో తాతబ్బాయికి ఏడేళ్ళుగా తెలీదు. బావ బుగ్గలు చూసి వాయిస్తాడు. బుగ్గలు బూరెల్లా పొంగితే పైస్థాయి, కనుబొమలు ముడేస్తే ముక్తాయింపు, కన్ను కొడితే ఆపెయ్యమని. అలాగే వందల పెళ్ళిళ్ళు చేసేశారు, ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ ఏడు వైశాఖంలో మాత్రం వైరు తెగింది. నల్లటేపు చుట్టాడు. తల ఎడంపక్కకి వంచితే పలుకుతుంది, నిటారుగా పెడితే ఆగిపోతుంది. ఓ పెళ్ళిలో గట్టిమేళం అయిపోయి, పంతులుగారు మంత్రం ఎత్తుకుని, అందరూ అక్షింతలు వేసేసి కూర్చున్నాక కూడా తాతబ్బాయి కళ్ళు మూసుకుని దంచుతూనే ఉన్నాడు. పెళ్ళికూతురు మేనమామ వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ ఆపలేదు.

"బావా, నీ మీద కోపం లేదు" అన్నాడు సోమలింగం ఇంటికెళ్ళేటప్పుడు. "శ్రావణంలో పద్నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. ఆ మిషను బాగుచేయించుకుని రా. లేదా ద్వారపూడి డోలాయన్ని పిలుస్తాను."

"ఆయనకి తాళం లేదు కదా బావా?"

"చెవులున్నాయి."

ఆ మాట తాతబ్బాయికి టేపు లేకుండానే వినపడింది.

మర్నాడే జిల్లా శ్రవణ వికాస కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ మిషన్లు సరిచేసే ఆడియాలజిస్టు షాహినా మేడం వైరు చూసి నవ్వింది. "తాతబ్బాయిగారూ, దీనికి వైద్యం కాదు, అంత్యక్రియలు చెయ్యాలి. మీ పేరు మీద కొత్త మిషను వచ్చే ఉంది, బీరువాలో. దీంట్లో పాటకి విడిగా ప్రోగ్రాం ఉంది. మునుపటిలా నూటికి నూరూ వినపడదు, ముందే చెప్తున్నాను. కానీ సన్నాయి పైకెక్కుతోందా, కిందకి దిగుతోందా తెలుస్తుంది. కొన్నాళ్ళు అలవాటు చేసుకుంటే, ఏ పాటో కూడా పట్టుకోవచ్చు."

తాతబ్బాయి ఓ క్షణం తల వంచడం మర్చిపోయాడు. మళ్ళీ వంచి, "ఏ పాటో కూడానా?" అని ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"జేడీగారి సంతకం ఒక్కటే మిగిలింది" అంది షాహినా.

జాయింట్ డైరెక్టరు మృత్యుంజయరావుగారు సంతకం పెట్టేవారే. కానీ సరిగ్గా ఆ ఉదయమే రాజధాని నించి ఓ సర్క్యులరు దిగింది. ఎనిమిది పేజీలు. మూడో పేజీలో ఏముందంటే, కొత్త మిషను కావాలన్నవాడు సాధారణ మనిషి కంటే తక్కువ వింటున్నట్టు రుజువు చేసుకోవాలి. సాధారణ మనిషి ఎంత వింటాడన్నది ఏ జిల్లాకి ఆ జిల్లా, పదిమందికి పరీక్ష పెట్టి, సరాసరి తీసి తేల్చుకోవాలి.

"సార్, పదిమందిని బజార్లోంచి పిలుద్దామా?" అంది షాహినా.

మృత్యుంజయరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఆలోచించేటప్పుడు తుడుస్తారు, ఆలోచించనప్పుడూ తుడుస్తారు. "అమ్మా, ప్రమాణము అనునది ప్రజల నుండి పుట్టవలెను. ప్రజలనగా ఎవరు? మనమే. కావున మన నుండియే పుట్టును. సిబ్బంది పదిమందిని కూర్చుండబెట్టుము. పరీక్షాధికారివి గనుక నీవు మాత్రము వలదు."

పరీక్ష మొత్తం యాభై మార్కులు. టేపులోంచి ఓ మాట వస్తే దాన్ని మళ్ళీ పలకడానికి ఇరవై. రెండు దరువులు వినిపిస్తే రెండూ ఒకటో వేరో చెప్పడానికి ఇరవై. రాగం తీస్తే గుర్తుపట్టడానికి పది. మాటల్లో చంటిపిల్లాడైనా పదిహేను తెచ్చుకుంటాడు. ముందుగా కూర్చున్నది సూపరింటెండెంటు అన్నాజీరావుగారు, ముప్పై ఏళ్ళ సర్వీసు.

టేపు అంది: "మా ఊరికి రోడ్డు లేదు."

"పై ఆఫీసులో అడగండి" అన్నారు అన్నాజీరావుగారు.

"సార్, జవాబు చెప్పక్కర్లేదు. విన్నది మళ్ళీ పలకండి, చాలు" అంది షాహినా.

"ఓహో, సరే."

టేపు అంది: "నా కాగితం ఎక్కడుంది?"

"రేపు రండి."

"సార్!"

"ఏం చెయ్యనమ్మా, నోటికదే వస్తోంది!"

రెండో క్లర్కుకి ప్రతి వాక్యానికీ "జెరాక్సు తెచ్చారా?" అనే వచ్చింది. మూడో ఆయన మాట పూర్తవకుండానే "మా సెక్షన్ కాదు" అనేశాడు. క్యాంటీన్లో పనిచేసే ఆయనొక్కడూ కాస్త శ్రద్ధగా వినబోయాడు గానీ, మధ్యలో ఎవరో టీ అని కేకేస్తే లేచి వెళ్ళిపోయాడు. దరువులొచ్చేసరికి అందరూ కాకిలెక్కన ఒకటి, వేరు, ఒకటి, వేరు అని చెప్పుకుంటూ పోయారు. జేడీగారు పరీక్ష తన గదిలో తలుపేసుకుని రాశారు. పదిహేడు వచ్చింది. పదిమందిలో ఇరవై అందుకున్నవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. సరాసరి, పైకి సర్దితే, పంతొమ్మిది.

"మన జిల్లాలో సాధారణ మానవుని వినికిడి పంతొమ్మిదిగా నిర్ధారణ అయినది" అని జేడీగారు రిజిస్టరులో రాసి, కింద రెండు గీతలు గీశారు.

మర్నాడు తాతబ్బాయి వంతు. తల ఎడంపక్కకి వంచుకుని కూర్చున్నాడు. మాటల్లో తొమ్మిది పట్టాడు. రాగాల్లో గులకరాళ్ళే, రెండొచ్చాయి, అవీ అదృష్టం కొద్దీ. ఇక దరువు మొదలైంది. టేపు ఇంకా రెండో దరువు ముగించకుండానే, "వేరు. రెండోదాంట్లో నాలుగో దెబ్బ ముందు పడింది. వాయించినవాడు కొత్తవాడా?" అన్నాడు. ఇరవైకి ఇరవై. మొత్తం ముప్పై ఒకటి.

జేడీగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "నాయనా, నీకు శుభవార్త. సాధారణ మానవుడు వినునది పంతొమ్మిది. నీవు వినునది ముప్పదియొకటి. సాధారణము కంటే పన్నెండు ఎక్కువ వినుచున్నావు. ప్రభుత్వ పక్షమున అభినందనలు."

"నాకు చెముడండీ బాబూ!" అన్నాడు తాతబ్బాయి.

"అట్లని ఎవరన్నారు?"

"మీరేనండీ! ఏడేళ్ళ కిందట మీ ఆఫీసే సర్టిఫికెట్టిచ్చింది."

"అప్పటి ప్రమాణము వేరు. నీ దరఖాస్తు తిరస్కరించడమైనది. ఇంత అధికముగా వినుట ఆరోగ్యమునకు మంచిదేనా అని కూడా విచారించవలసి యున్నది."

బయటికొస్తే వరండాలో అన్నాజీరావుగారు చెవిలో గుసగుసగా సలహా ఇచ్చారు. తాతబ్బాయి తల వంచితే గుసగుస, ఎత్తితే ఏమీ లేదు. మూడుసార్లు వంచి ఎత్తాక మొత్తం అర్థమైంది. "పిచ్చివాడా, నువ్వు బాగా రాస్తే ఎలా? మళ్ళీ అప్లై చెయ్యి. చేసి ఫెయిలవ్వు."

ఫెయిలవడం ఎంత కష్టమో తాతబ్బాయికి అప్పటిదాకా తెలీదు. చిన్నప్పుడు బళ్ళో ప్రతి తరగతిలోనూ ఇట్టే అయ్యేవాడు. ఇప్పుడు టేపులోంచి దరువు రాగానే బల్ల కింద వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. నోటితో "ఒకటే" అని అబద్ధం చెప్పబోతే, ముప్పై ఏళ్ళు డోలు నేర్పిన నాన్న వెనకాల నించుని మొట్టికాయ వేస్తున్నట్టుంది. "వేరండీ, వేరే" అనేస్తున్నాడు. ఈసారి ముప్పై నాలుగొచ్చింది.

మూడోసారి తెగించాడు. లోపలికెళ్ళే ముందు బిళ్ళ పీకి జేబులో వేసేశాడు. ఇక ఉరుమురిమినా వినపడదు. హాయిగా కూర్చుని రెండు అరిచేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు. షాహినా పెదాలు కదులుతున్నాయి, నవ్వుతూ తలూపాడు. మాటలకి సున్నా. రాగాలకి సున్నా. స్పీకరు పెట్టింది కూడా ఆ బల్ల మీదే. దరువు మొదలయ్యేసరికి బల్ల చెక్కలోంచి అరిచేతుల్లోకి దెబ్బ దెబ్బా జరజరా పాకింది. తాతబ్బాయి ఆపుకుందామనే చూశాడు. చేతులూ ఆగలేదు, "వేరు", "ఒకటే" అంటూ నోరూ ఆగలేదు.

"ఇరవై" అంది షాహినా, పెన్ను పక్కన పెట్టి, తల పట్టుకుని.

జేడీగారు ఈసారి కళ్ళజోడు రెండుసార్లు తుడిచారు. "అనగా మిషను లేకుండానే ఈయన సాధారణ మానవుని కంటే ఒక మార్కు అధికముగా వినుచున్నాడు. కావున కొత్త మిషను అనవసరము. పాత మిషను కూడ అనవసరమే. పదిహేను దినములలో దానిని కార్యాలయమునకు అప్పగించవలెను."

ఆ కాగితం పట్టుకుని తాతబ్బాయి మేళం దగ్గరికెళ్ళాడు. సోమలింగం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. "బావా, నేను ఎన్నో మేళాలు చూశాను గానీ, చెవిటివాణ్ణి ఎక్కువ వింటున్నావని శిక్ష వెయ్యడం ఇదే చూడ్డం."

"ద్వారపూడాయనకి కబురెట్టేశావా?"

సోమలింగం కాగితం తిరిగి చేతిలో పెట్టాడు. సన్నాయి గుడ్డ విప్పి తుడుచుకున్నాడు. తాతబ్బాయి ఆ రోజు ఒక్క వేళాకోళమూ ఆడలేదు. సత్తెమ్మ భయపడి, ఏమైందోనని దిష్టి తీసింది.

ఇక్కడ కథ ఆగిపోవలసిందే గానీ, అన్నాజీరావుగారికి సర్క్యులరు చివరిదాకా చదివే చెడ్డ అలవాటుంది. ఏడో పేజీలో ఆయనకి ఓ పట్టిక కనిపించింది. "ఇరవై మార్కుల లోపు వచ్చినవారు తీవ్ర శ్రవణ లోపము గలవారుగా పరిగణింపబడుదురు." చదివి, లెక్క చూసుకుని, కుర్చీలోంచి లేచి నించున్నారు. ఆఫీసు మొత్తానికి తీవ్ర చెముడు!

"సార్" అన్నారు జేడీగారి గదిలోకి పరిగెత్తి, "మూడో పేజీ ప్రకారం మనం సాధారణం. ఏడో పేజీ ప్రకారం చెవిటివాళ్ళం."

"రెండునూ ప్రభుత్వము చెప్పినవే గదా. రెండునూ నిజమే."

"అయితే సర్టిఫికెట్లు రాయించమంటారా? బస్సులో రాయితీ, రైల్లో రాయితీ. కౌంటరు డ్యూటీ ఉండదు."

జేడీగారు మొదట ఒప్పుకోలేదు. హోదాకి తగదన్నారు. తర్వాత అన్నాజీరావుగారు నెమ్మదిగా, "వినపడని అధికారులకి ఫోన్లో రివ్యూ మీటింగులు ఉండవట సార్" అన్నారు. మొట్టమొదటి సర్టిఫికెట్టు జేడీగారిదే అయింది.

సోమవారానికల్లా గుమ్మం పక్కన బోర్డు వేళ్ళాడింది: "ఈ కార్యాలయ సిబ్బందికి వినపడదు. అర్జీలు వ్రాసి పెట్టెలో వేయవలెను." బోర్డు కింద క్యూలో నించున్న ఓ ముసలమ్మ పైటచెంగుతో చెమట తుడుచుకుని, "ఇన్నాళ్ళూ అనుమానంగానే ఉండేది నాయనా. పాపం, ఒప్పుకున్నారు" అంది.

లోపల సుఖమే సుఖం. ఎవరు పిలిచినా ఎవరూ పలకరు. పిలిచినవాడు బల్ల చరిస్తే చెవి చూపించి చేతులు తిప్పుతారు. వారం తిరక్కుండా రాజధాని నించి ఇంకో ఉత్తరం వచ్చింది: "ప్రజా సంబంధ కార్యాలయమందు వినగలిగినవారు కనీసం ఒకరైనను ఉండి తీరవలెను. వారి పేరు, ధ్రువపత్రము వెంటనే పంపగలరు. లేని యెడల కార్యాలయము మూసివేయబడును."

ఆఫీసు మూసేస్తారనగానే అందరికీ బాగా వినపడింది.

"షాహినాగారున్నారు కదా సార్" అన్నారు అన్నాజీరావుగారు.

"ఆమె పరీక్షకు కూర్చుండలేదు. ఆమెకు వినపడునని మన వద్ద ఆధారమేమున్నది?"

"నాకు వినపడుతోంది సార్. ఇప్పుడు మీరన్నది కూడా విన్నాను" అంది షాహినా.

"మౌఖిక వాంగ్మూలము చెల్లదమ్మా."

రిజిస్టరు తిరగేశారు. జిల్లా మొత్తంలో సాధారణం కంటే ఎక్కువ వింటాడని జేడీగారి సంతకంతో, ముద్రతో, మూడు కాగితాలున్న మనిషి ఒక్కడే. ఒకసారి ముప్పై ఒకటి, ఒకసారి ముప్పై నాలుగు, మిషను లేకుండా ఇరవై.

అలా తాతబ్బాయి గౌరవ శ్రవణాధికారి అయ్యాడు. కబురొస్తే నమ్మక, టేపు సర్దుకుని రెండోసారి చెప్పించుకున్నాడు. నమ్మాక ఎంత నవ్వాడంటే వైరు ఊడిపోయింది.

మొదటిరోజు కుర్చీలో తల వంకరగా పెట్టుకుని కూర్చున్నాడు. క్యూలో వాళ్ళు ఏం చెప్పినా సగమే వినపడుతోంది. ఆ మధ్యాహ్నమే షాహినా ఓ నోట్ రాసి జేడీగారి ముందు పెట్టింది. "శ్రవణాధికారి విధి వినుట. వినుటకు కావలసిన పరికరము ఫ్యాను, కుర్చీల వలె కార్యాలయ సామగ్రి. బీరువాలో ఒకటి సిద్ధముగా ఉన్నది. విడుదల చేయ ప్రార్థన."

మనిషికి మిషను ఇవ్వడానికి రెణ్ణెల్లు దొర్లించిన జేడీగారు, ఫ్యాను లాంటిదనగానే అక్షరం చదవకుండా సంతకం పెట్టేశారు. కింద ఒక్క ముక్క మాత్రం రాశారు: "కార్యాలయ పరికరము కార్యాలయ పరిధి దాటరాదు. సాయంత్రము ఐదింటికి బీరువాలో ఉంచవలెను."

షాహినా కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రెండు గంటలు సరిచేసింది. "ఇది వినపడుతోందా? ఎక్కువైందా? ఇది దానికంటే పైనా, కిందా?" మిషను మీద తెల్లరంగుతో ఆఫీసు నంబరు రాసిపెట్టారు. తాతబ్బాయి తల నిటారుగా పెట్టాడు. ఫ్యాను తిరగడం వినపడింది. కిటికీ అవతల పిచ్చుకలు. షాహినా గాజులు. "మేడంగారూ, మీ గొంతు ఇంత సన్నగా ఉంటుందా?" అన్నాడు. "ఏడేళ్ళుగా మీరు మా మేనమామలా మాట్లాడుతున్నారనుకున్నాను."

"పాట వెంటనే రాదు. రోజూ వినాలి. తెలిసిన మనిషి దగ్గర, తెలిసిన పాటలు, గంటలకి గంటలు వినాలి. అప్పుడే మెదడు పట్టుకుంటుంది."

గోడ గడియారం ఐదు కొట్టింది. అన్నాజీరావుగారు చెయ్యి చాపారు. తాతబ్బాయి చెవి బీరువాలోకెళ్ళింది.

ఇంటి దగ్గర సోమలింగం మొహం చూసి తాతబ్బాయే పాత మిషను తగిలించుకుని, తల వంచి, సంగతంతా చెప్పాడు.

"మరి శ్రావణం ఎల్లుండి కాక ఆవలెల్లుండి నించి" అన్నాడు సోమలింగం. "మొదటి పెళ్ళి ఆ మర్నాడే, మండపేటలో. నీ చెవి ఆఫీసులో ఉంటే డోలు ఇక్కడుండి ఏం లాభం బావా?"

తాతబ్బాయి ఆ నల్లటేపు వైపు చూశాడు. సోమలింగం వైపు చూశాడు. మొహం నిండా మెల్లగా వెలుగు పరుచుకుంది. ఆ మొహం చూస్తే, దరువేస్తాడని సత్తెమ్మ ఎప్పుడూ గిన్నెలు దాచుకుంటుంది.

"బావా, చెవి బయటికి రాదు. మేళాన్ని లోపలికి రావద్దని ఎక్కడా రాయలేదు కదా?"

మర్నాడు పొద్దున్న పదిన్నరకి, బోర్డు కింద, వరండాలో జంపఖానా పరిచారు. సోమలింగం సన్నాయి, శ్రుతికి ఒకాయన, మధ్యలో గౌరవ శ్రవణాధికారి, ఒళ్ళో డోలు, చెవి వెనకాల కొత్త మిషను. ఎత్తుకోవడమే గట్టిమేళం ఎత్తుకున్నారు.

కిటికీ అద్దాలు గణగణలాడాయి. లోపల పదిమందీ ఒక్కసారిగా ఉలిక్కిపడి, వెంటనే ఉలిక్కిపడలేదన్నట్టు సర్దుకున్నారు. మేడ పక్క చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. అన్నాజీరావుగారు లేచి వరండాలోకి వచ్చి, "ఏంటయ్యా ఈ..." అని నోరు తెరిచి, బోర్డు చూసి మూసేశారు.

"ఏవండీ సూపర్నెంటుగారూ, ఏదో అనబోయారు?" అన్నాడు తాతబ్బాయి వినయంగా.

అన్నాజీరావుగారు చెవి చూపించి చేతులు తిప్పి లోపలికెళ్ళిపోయారు.

క్యూలో వాళ్ళు కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళు చేరారు. తాతబ్బాయి అర్జీలు వింటాడు, ఒక్కో అర్జీకి సావకాశంగా మధ్యలో ఆపి, కాగితం మీద రాయించి, మళ్ళీ ఎత్తుకుంటాడు. మధ్యాహ్నం రెండింటికి జేడీగారి గదిలోంచి చీటీ వచ్చింది. "శబ్దము" అని రాసి కొట్టేసి, "కంపనము" అని రాశారు. "వరండాలో కంపనము మితిమీరి యున్నది. విచారించగలరు." ఫిర్యాదులు విని విచారించాల్సింది శ్రవణాధికారే గనక, తాతబ్బాయి చీటీ పట్టుకుని జేడీగారి గదికే వెళ్ళాడు.

"ఏ కంపనమండీ? ఎలా ఉంది? వినడానికా?"

జేడీగారు మొహం కందగడ్డ చేసుకుని, కాగితం మీద రాశారు: "చూచుటకు."

"చూడ్డానికా! అయితే తలుపేసుకోండి సార్, కనపడదు."

రెండో రోజు ఊరేగింపు పాటలు. రికార్డు గదిలో ఒకాయన కాళ్ళు బల్ల కింద ఆడుతుంటే పక్కాయన తొక్కిపట్టాడు. ఇద్దరు క్లర్కులు చెవుల్లో దూది పెట్టుకున్నారు. అన్నాజీరావుగారు చూసి హడిలిపోయి, "దూది తియ్యండ్రా! చెవిటివాళ్ళకి దూదెందుకని ఎవడైనా అడిగితే!" అని అరిచారు. అంత అరిచినా సన్నాయిలో ఎవరికీ వినపడలేదు. ఆ పూట నిజంగానే ఎవరికీ ఏమీ వినపడలేదు.

మూడో రోజు పొద్దున్నే జేడీగారు షాహినాని పిలిపించుకుని, తలుపేసి, గడియ పెట్టి, నోటితోనే మాట్లాడారు. "అమ్మా, దీనికి విరుగుడేమి?"

"చాలా తేలిక సార్. పరికరం ఆఫీసు దాటకూడదని తమరే రాశారు. దాటాలని రాసేస్తే, మేళం దాని వెనకాలే పోతుంది."

"కారణము?"

షాహినా కారణం కూడా చెప్పింది. జేడీగారు స్వహస్తాలతో రాశారు: "సదరు పరికరము వలన కార్యాలయమునకు కంపనములు సంభవించుచున్నందున, దానిని కార్యాలయ పరిధి నుండి శాశ్వతముగా బహిష్కరించడమైనది. అది మరల బీరువాలో కనిపించరాదు. శ్రవణాధికారి ఇక మీదట క్షేత్రస్థాయిలో, అనగా పెండ్లి పందిళ్ళు మొదలగు చోట్ల, వినవలెను."

కాగితం ఇంకా తడారకుండా ఆయనే వరండాలోకి తెచ్చారు. సోమలింగం అప్పుడే కొత్త కీర్తన ఎత్తుకున్నాడు, నెమ్మదిగా. తాతబ్బాయి ఓ చేత్తో వాయిస్తూనే, ఇంకో చేత్తో కాగితం అందుకుని, కూడబలుక్కుని చదువుకుని, షాహినా వైపు చూశాడు. ఆవిడ గుమ్మంలో నించుని తలూపింది. కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. మండపేట పెళ్ళి రేపే. చెవి తనతో వస్తుంది.

రెండు చేతులూ డోలు మీద వేశాడు. బావ బుగ్గలు చూడబోయాడు, అలవాటుకొద్దీ. సోమలింగం కళ్ళు మూసుకుని ఉన్నాడు. సన్నాయి సన్నగా పైకెక్కింది. ఎక్కుతోందని తెలిసింది. బుగ్గల్ని చూసి కాదు. ఎక్కి, పైన ఓ చోట నిలిచి, ఒణికి, అక్కణ్ణించి మెట్టు మెట్టుగా దిగడం మొదలెట్టింది. రెండో మెట్టు దగ్గర తాతబ్బాయికి ఇదేదో తెలుసనిపించింది. నాలుగో మెట్టు దగ్గర ఏదో తెలిసిపోయింది. అక్క పెళ్ళికి ఇదే సోమలింగం, పెళ్ళికొడుకై ఉండీ, ఆగలేక పీటల మీంచి లేచి సన్నాయి లాక్కుని ఊదింది ఇదే.

డోలు ఆగిపోయింది.

సోమలింగం కళ్ళు తెరిచాడు. సన్నాయి తీసి, కంగారుగా, "ఏంటి బావా, తాళం తప్పేవు? వైరా?" అన్నాడు.

"వైరు బాగానే ఉంది" అన్నాడు తాతబ్బాయి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "తాళం సంగతి నేను చూసుకుంటాలే గానీ, ఆ దిగుడు మళ్ళీ ఒకసారి ఊదు బావా."